గుండుకు రంగు కోటు

అమెరికాలో పిస్టల్ షూటింగ్ మోజున్నవారిలో కొందరు, పేల్చాక రాలిన ఇత్తడి గొట్టాలను ఏరి ఇంటికి తెచ్చుకుంటారు. గ్యారేజీలో వాటికి మళ్లీ మందు, కొత్త గుండు దట్టిస్తారు. ఖర్చు కలిసొస్తుందని చెబుతారు గానీ, మిగిలిన డబ్బుతో మరిన్ని పేల్చడమే ఎక్కువ.

ఏ గుండు కొనాలన్నదే తెగని చర్చ. సీసం చౌకే, కానీ మెత్తన. మైనం పూసి పేలిస్తే పొగ కమ్ముతుంది. పూత సరిపోకపోతే బ్యారెల్ లోపల సీసం పేరుకుంటుంది. రాగి కవచానికి ధర ఎక్కువ. మధ్యేమార్గం రంగు పూత: సీసంపై పాలిమర్ పూసి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఎర్రవి, పచ్చవి, నీలివి... అచ్చం పిప్పరమెంటు బిళ్లలే! మెరుపు చూసి మురిసిపోనివాడు ఒకదాన్ని సుత్తితో చదును చేస్తాడు. పెచ్చులూడకపోతే పూత పట్టినట్టు. అసిటోన్ గుడ్డతో తుడిస్తే రంగంటిందా, సరిగా కాలలేదన్నమాట.

ఈ లెక్కలన్నీ జేబుకూ తుపాకీకే. సీసంతో అసలు ముప్పు ఒంటికి, అందులోనూ పసిపిల్లల మెదడుకు. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములుంటేనే జాగ్రత్తపడాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు గీసింది. పూత వల్ల చేతికంటే సీసం తగ్గుతుంది, నిజమే. కానీ మందును రగిల్చే మామూలు ప్రైమర్‌లోనూ సీసముంది. పేల్చిన ప్రతిసారీ అది సన్నని ధూళిగా లేస్తుంది, ఇత్తడి గొట్టాల్లోనూ మిగులుతుంది. వాటిని శుభ్రం చేసేటప్పుడు చొక్కాకు అంటుతుంది. ఏ కంపెనీ పూత మేలో గంటలకొద్దీ వాదించే మనిషి, చాలాసార్లు అదే చొక్కాతో బిడ్డను ఎత్తుకుంటాడు.