డాన్యూబ్ తోడుగా... సైకిల్ సవారీ!

ఆస్ట్రియాలో మెల్క్ నుంచి క్రెమ్స్‌కి సుమారు 36 కిలోమీటర్లు. కారులో అయితే ఎంతోసేపు పట్టదు. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య డాన్యూబ్ నది మలుపులు తిరిగే వాఖావ్ లోయను చూడాలంటే మాత్రం సైకిలెక్కాల్సిందే!

జర్మనీలోని పస్సావ్ నుంచి వియన్నా దాకా నది వెంబడే సైకిల్ బాట ఉంది. అందులో ఎక్కువమంది మెచ్చే భాగం ఇదే. దారి దాదాపు చదును. ఒకపక్క నీళ్లు, మరోపక్క కొండవాలున మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. ఆ మెట్లకు ఆసరా... సున్నం, సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడలు. పగలు ఎండకు కాగిన రాళ్లు రాత్రి తీగలకు వెచ్చదనాన్నిస్తాయి. గోడ కూలితే మళ్లీ చేత్తో పేర్చుకోవాల్సిందే.

ఊళ్లలో ఇంటి ముందు కొమ్మల గుత్తి వేలాడుతుంటే, ఆ రైతు తన తోట వైన్ అమ్ముతున్నాడని గుర్తు. డ్యూర్న్‌స్టైన్ కొండమీద శిథిలమైన కోట కనిపిస్తుంది. 12వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను బంధించింది అక్కడే.

స్పిట్జ్ దగ్గర నది దాటించే పడవకి ఇంజిను లేదు. నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడు పట్టుకుని, ప్రవాహం తోస్తుంటే సైకిళ్లతో సహా అవతలి ఒడ్డుకి చేరుస్తుంది.

ఒకప్పుడు ఆ ప్రవాహానికే ముప్పొచ్చింది. లోయలో జలవిద్యుత్ కోసం ఆనకట్ట కడతామంటే 1970ల్లో స్థానికులు ఎదురుతిరిగారు. ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1980ల్లో ఆ ప్రతిపాదన అటకెక్కింది. ఆస్ట్రియాలో డాన్యూబ్ అడ్డూ ఆపూ లేకుండా పారేది ఇక్కడా, వియన్నాకి దిగువనా మాత్రమే. 2000లో ఈ లోయ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

స్పిట్జ్ పడవ ఇప్పటికీ నీటి తోపుతోనే నడుస్తోందంటే... అది ఆ ఊళ్లవాళ్ల పంతమే!