దుబాయ్‌లో ఫ్లాటు చేతులు మారిన వేళ

అక్కా బావగారూ దుబాయ్‌లో ఫ్లాటు కొంటున్నారని తెలిసి, రిజిస్ట్రేషన్‌కు తోడుగా నేనూ వెళ్లాను. సాక్షి సంతకానికైనా పనికొస్తానని ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు సంచిలో వేసుకున్నాను. అవేవీ బయటికి తీసే పని పడలేదు.

మాల్ ఆఫ్ ద ఎమిరేట్స్ మెట్రో స్టేషన్లో దిగి బయటికొస్తే, ఎటు చూసినా అద్దాల టవర్లే. గుడి వెనక సందు, కిళ్లీ కొట్టు పక్క గేటు అని గుర్తు చెప్పుకునే వీల్లేదు. రెండుసార్లు ఒకే పార్కింగులోకి వచ్చిపడ్డాక బావగారికి ఫోన్ చేశాను.

"ఏమోయ్, గోడ మీద మకానీ నంబరు చూడు" అన్నారు.

ప్రతి భవనానికీ గుమ్మం పక్కన చిన్న పలక, దాని మీద పది అంకెలు. ఫోన్లో కొడితే సరిగ్గా ఆ గుమ్మానికే తీసుకెళుతుంది. మీరు వెళ్తే అడ్రసు అడక్కండి, ఈ నంబరడగండి.

అక్కడ రిజిస్ట్రేషన్లు చేసే ట్రస్టీ ఆఫీసులు ప్రైవేటువి, ల్యాండ్ డిపార్ట్‌మెంట్ అనుమతితో నడుస్తాయి. లోపల ఏసీ, సోఫాలు, పళ్లెంలో ఖర్జూరాలు, ఏలకుల వాసనేసే అరబ్బీ కాఫీ. స్టాంపు పేపర్లమ్మేవాళ్లు, దస్తావేజు లేఖరులు ఏరని వెతుక్కున్నాను. ఒక్కరూ లేరు!

అసలు కష్టమంతా అంతకుముందే అయిపోయింది. ఫామ్ ఎఫ్ అనే ఒప్పందం మీద ఇరుపక్షాల సంతకాలయ్యాయి. సర్వీస్ ఛార్జీల బాకీ లేదని బిల్డరు ఎన్‌ఓసీ ఇచ్చాడు. దానికీ ఫీజుంది, బిల్డరును బట్టి మారుతుంది. ఇక మిగిలింది డబ్బే.

అమ్మేది ఓ లెబనాన్ పెద్దాయన. బ్యాంకు ఇచ్చిన మేనేజర్స్ చెక్కును వెలుతురుకెత్తి, పెన్ను మొనతో ఒక్కో సున్నానూ తాకుతూ లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. మా ఊళ్లో అమ్మకందారు మొహమాటానికి నోట్లు లెక్కపెట్టడు, ఇంటికెళ్లాక లెక్కపెడతాడు. నాకు ఈయన పద్ధతే నచ్చింది.

ఫ్లాటు పది లక్షల దిర్హమ్‌లనుకోండి. ప్రభుత్వానికి 4 శాతం, అంటే 40,000. ఇద్దరూ సగం సగం కట్టాలంటుంది నిబంధన. కొనేవాడి నెత్తిన పడటం అక్కడి ఆనవాయితీ. ట్రస్టీకి 4,000, దానిపై 5 శాతం వ్యాట్. ఏజెంటుకు మామూలుగా 2 శాతం, దానికీ వ్యాట్. ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కట్టినవాడికి ఇది చవకే. ఏజెంటు బిల్లు చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

కాఫీ చల్లారేలోపే టైటిల్ డీడ్ బావగారి పేరున వచ్చేసింది.

తర్వాత కరామాలో తెలుగు మెస్సుకెళ్లాం. గోంగూర పచ్చడి, పప్పుచారు. ముద్ద నోట్లో ఉండగానే బావగారు అడిగారు: "మన గుంటూరు ఇల్లు మీ నాన్న పేరున మారిందా?"

"రిజిస్ట్రేషన్ అయింది బావగారూ. ఇంటి పన్నూ మారింది. కరెంటు బిల్లు మాత్రం ఇంకా తాతయ్య పేరునే వస్తోంది."