అబ్బే... ఏం లేదమ్మా!

రేపు పదింటికి ఫిజియోథెరపీకి మొదటిసారి వెళ్లాలి. ఆవిడ రాత్రే సంచి సర్దేసింది. ఎముకల డాక్టరు రాసిచ్చిన చీటీ, ఎక్స్‌రే, మాత్రల అట్టలు, షుగరు రిపోర్టు. భుజం బిగుసుకుపోయే ఈ బాధ షుగరున్నవాళ్లలో ఎక్కువ మరి.

పట్టుచీర బయటికి తీస్తే కోడలు నవ్వేసింది. ''పెళ్లికా అత్తయ్యా? భుజం చూడాలంటే బిగుతు చేతులు పనికిరావు. ఆ పాత వదులు జాకెట్టు వేసుకోండి.''

తర్వాత కాగితం, పెన్నూ పట్టుకుని పక్కన కూర్చుంది. చెయ్యి ఎంతవరకు లేస్తుందో వాళ్లు డిగ్రీల్లో కొలుచుకుంటారు. మామూలుగానైతే 180 దాకా లేవాలి. కానీ ఏ పనికి ఇబ్బందో మాత్రం మనమే చెప్పాలి కదా!

''అబ్బే... పెద్దగా ఏం లేదమ్మా.''

మన ఇళ్లల్లో ఆడవాళ్ల నోటికి మొదట వచ్చేది ఈ మాటే. కోడలు వదల్లేదు. ఒక్కొక్కటీ బయటపడింది. పైఅరలో డబ్బా అందదు. ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. బస్సులో పైకడ్డీ పట్టుకోలేదు. తల దువ్వుకోవడం ఎడంచేత్తోనే. ఇవేవీ ఇంట్లో ఎవరికీ తెలియవు.

''ఇంకా?''

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. 'పెద్దదానివయ్యావు, నీ జడ నువ్వే వేసుకో' అని మనవరాలిని కసిరి ఆర్నెల్లయింది. నానమ్మకి కోపమొచ్చిందనుకుని ఆ పిల్ల దువ్వెన పట్టుకుని దగ్గరికి రావడమే మానేసింది.

''దానికి జడ వెయ్యలేకపోతున్నాను'' అంది చివరికి.

కోడలి పెన్ను ఆగింది. ''ఇదీ రాయనా అత్తయ్యా?''

''రాయి. అన్నిటికంటే పైన రాయి.''