జెండాయు నొడంబడికయు

జెండా తనంతట తా నేమియు చెప్పదు. ఎఱ్ఱగుంట్ల స్టేషనులో గార్డు పచ్చజెండా నూపినచో రైలు కదలును. రైలును కదలించు శక్తి యా పచ్చని గుడ్డలో నున్నదా? గార్డునకును డ్రైవరునకును ముందుగా నొక యొడంబడిక యున్నది, శక్తి దానిది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు రైలుమార్గములలో తెల్లని దీపము ‘పొమ్ము’ అనియు, పచ్చని దీపము ‘జాగ్రత్తగా పొమ్ము’ అనియు సూచించుచుండెను. పచ్చదన మదియే, తరువాత దాని యర్థము మాఱెను. యెరికోలో రాహాబు కిటికీకి కట్టిన తొగరుదారమును అట్టిదే. వేగులవారు చేసిన ప్రమాణము నెఱుగనివానికి అది వట్టి దారము. ఎఱిగినవారికి అది యొక కుటుంబముయొక్క ప్రాణము.

కంప్యూటరు లోపలను ఇట్టి జెండాలు గలవని నాకు తెలియవచ్చిన విధమును చెప్పెదను.

మా బడిలో చదివి, యిప్పుడు ఇంజనీరింగు విద్య నభ్యసించుచున్న యొక యువకుడు సెలవులకు చెన్నూరు వచ్చి నన్ను చూడవచ్చెను. ముఖము వాడియుండెను. “సార్, ఈ చదువు నాకు రాదు, మానివేసెదను. తెలుగులో చదివినవాడను, తక్కినవారి కర్థమగునది నా కర్థము కాదు” అనెను. ఇంటెల్ ప్రోసెసరునకై తాను అసెంబ్లీ భాషలో వ్రాసిన చిన్న ప్రోగ్రామును ఆర్మ్ ప్రోసెసరునకు మార్చగా, అది రెండు సంఖ్యలను పోల్చునపుడు పెద్దదానిని చిన్నదిగా నెంచుచున్నదట. మూడు రాత్రులు మేలుకొని వెదకినను తప్పు దొరకలేదు.

నేను లెక్కలు చెప్పువాడను గాని కంప్యూటరు పండితుడను గాను. “నాయనా, మొదటినుండి చెప్పుము” అంటిని. ప్రోసెసరులో ఫ్లాగులను బిట్లు కొన్ని గలవు. ఒక్కొక్కటి 0 గాని 1 గాని యగును. అందు క్యారీ ఫ్లాగనునది కూడికలో మనము ‘చేతిలో 1’ అనుకొనునదియే. ఎనిమిది బిట్ల స్థలములో 255 కంటె పెద్ద సంఖ్య పట్టదు. కావున 200 కు 100 కూడినచో 44 నిలిచి క్యారీ 1 అగును. ఇక తీసివేత. 5 నుండి 7 తీసినపుడు, అప్పు తెచ్చితిమని ఇంటెల్ క్యారీని 1 చేయును. ఆర్మ్ పద్ధతిలో అప్పు తెచ్చినచో 0. తేనక్కఱ లేనిచో 1.

ఈ వింతకు కారణమేమో నల్లబల్లమీద లెక్కవేసి చూచితిమి. తీసివేతను కూడికగా చేయు నుపాయ మొకటి గలదు. 7 నుండి 5 తీయుటకు బదులు, 5 ను 10 చేయుటకు కావలసిన 5 ను 7 కు కూడుదము. 12 వచ్చును: జవాబు 2, చేతిలో 1, అప్పు లేదు. 5 నుండి 7 తీయవలెనన్న 5 కు 3 కూడుదము. 8 వచ్చును, చేతిలో నేమియు లేదు, అనగా అప్పు పడినది. ద్విసంఖ్యామానములో యంత్రము చేయునదియు నిదియే. ఆర్మ్ వచ్చిన క్యారీని వచ్చినట్లే యుంచును; ఇంటెల్ దానిని తలక్రిందు చేసి అప్పుగా చూపును. రెండును సక్రమములే. ఒక యూరి కట్టుబాటుతో మఱియొక యూరిలో బేరమాడిన ట్లాయెను. ఒక్క యాజ్ఞను మార్చగా ప్రోగ్రాము సరిపడెను. సెలవులు ముగియగానే అతడు కళాశాలకు తిరిగి వెళ్లెను.

ఆపరేటింగ్ సిస్టములకును ఇట్టి కట్టుబాట్లు గలవు. 1983 లో వెలువడిన ఎమ్మెస్ డాస్ 2 లో ఫైలును తెఱచుట విఫలమైనచో క్యారీ ఫ్లాగు 1 అగును. ఇంటెల్ ప్రోసెసరులపై ఫ్రీబీయెస్డీయు పొరపాటును క్యారీతోనే తెలుపును. లినక్సు ఋణసంఖ్యను పంపును.

ఆఱితేఱినవారును ఈ విషయమున తడబడిరి. ఇంటెల్ ప్రోసెసరులో దిశను చూపు ఫ్లాగొకటి గలదు. అది 0 అయినచో నకలు ముందునకును, 1 అయినచో వెనుకకును సాగును. ప్రతి ఫంక్షను మొదట నది 0 గా నుండవలెనని నియమము. 2008 మార్చిలో వెలువడిన జీసీసీ 4.3 ఆ నియమమును నమ్మి, ఫ్లాగును 0 చేయు ఆజ్ఞను విడిచెను. లినక్సు కెర్నెలు మాత్రము సిగ్నలు వచ్చినపుడు ప్రోగ్రామును పిలుచుచు ఆ ఫ్లాగును 0 చేయుట లేదు. చిరకాలము దాగియున్న లోప మంతట బయటపడగా కెర్నెలును సవరించిరి.

విద్యార్థులారా, మీకు తెలియనిది బుద్ధికి సంబంధించినదో, ఎవరో యెప్పుడో చేసికొన్న యొడంబడికకు సంబంధించినదో మొదట విచారింపుడు. ఒడంబడిక యైనచో ఎంత యాలోచించినను తోచదు, అడిగియే తెలిసికొనవలెను. అడుగుటకు సిగ్గుపడకుడు. తోడి యుపాధ్యాయులారా, ‘ఇది యందఱు నెఱిగినదే’ యని మనము చెప్పక విడిచిన చిన్నమాట కొఱకు ఏ పల్లెటూరి బిడ్డయో మూడు రాత్రులు మేలుకొని, తన్ను తాను మందబుద్ధి యని నిందించుకొనుచుండవచ్చును. ఆ మాటను ముందుగా చెప్పుట మన విధి.