ఖాళీ బండి మీద పరీక్ష

హెవీ లైసెన్సు పరీక్షకు వచ్చే లారీలు దాదాపు అన్నీ ఖాళీ బండ్లే. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు పొద్దున్నే ఒక పాత ఆరు టైర్ల బండిని తెచ్చి ట్రాకు పక్కన పెడతారు. తొట్టిలో స్టెప్నీ, ఒక మోకుచుట్ట తప్ప ఇంకేమీ ఉండదు. కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతారు, ముందుకు పోనిస్తారు, వెనక్కి తెస్తారు, దిగుతారు. బ్రేకిన్‌స్పెక్టరు గారు కాగితం మీద రాసుకుంటారు. పాసైనవాడు ఆ వారంలోనే ఎవరిదో పది టైర్ల బండెక్కి, పద్దెనిమిది పంతొమ్మిది టన్నుల సిమెంటో బియ్యమో వేసుకుని, రాత్రిపూట హైవే ఎక్కవచ్చు. చట్టం అడ్డు చెప్పదు. ఇన్నేళ్ళుగా లారీల మధ్య బతుకుతున్న నాకు మింగుడుపడనిది ఈ ఒక్క సంగతే.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు ఆ పరీక్షకు తయారవుతున్నాడు. డిప్లొమా చదివాడు. వేరే దారి లేక కాదు, బండి మీద ఇష్టంతోనే వస్తానన్నాడు. చెల్లెలికి సుతరామూ ఇష్టం లేదు. "నువ్వు పడ్డ అగచాట్లు చాలవా అన్నయ్యా, వాణ్ణి కూడా దింపుతావా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లారీ డ్రైవరంటే పిల్లనివ్వరన్న దిగులు ఆ మాట వెనక ఉంది. అది ఉత్త దిగులు కాదు. నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకుంటాడో చెప్పలేని మనిషికి పిల్లనివ్వటానికి ఏ తండ్రైనా ఆలోచిస్తాడు. ఓనర్లు ఇవాళ డ్రైవర్లు దొరక్క బండ్లు నిలబెట్టుకుంటున్నారంటే అందులో దీని పాలు చాలా ఉంది. అయినా నేను వాడి పక్షానే నిలబడ్డాను. ఊరూరికీ బియ్యం, ఉప్పు, ఇటుక, సిమెంటు చేరవేసే పని చేస్తానని ఒక కుర్రాడు తనంత తానుగా వస్తే వద్దనటానికి నాకు నోరు రాలేదు. నేర్చుకునేదేదో సరిగా నేర్చుకోమన్నాను.

చట్టం కట్టిన మెట్లు బాగానే ఉన్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా బండి నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది గడిస్తేనే హెవీకి ఎల్ఎల్ఆర్ ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, 25 మీటర్ల దూరాన ఉన్న బండి నంబరు చదవగలగాలి. గుర్తింపు ఉన్న స్కూల్లో నేర్చుకున్నట్టు ఫారం 5 తేవాలి. ఆ నేర్చుకోవటం 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపింది 15 గంటలకు తగ్గకూడదు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఒకటి ఉండేది, 2019లో తీసేశారు. మంచి పని చేశారు. నాకు బండి నేర్పిన మనిషికి సంతకం చేయటం తప్ప అక్షరం రాదు, ఆయనకు మించిన డ్రైవరును నేను చూడలేదు. కానీ ఆ 15 గంటలున్నాయే, విజయవాడలో లోడెత్తి నాగపూరులో దించి తిరిగి రావటానికి పట్టే సమయంలో అవి సగం కూడా కావు.

స్కూల్లో వాడికి గేర్లూ రివర్సూ బాగానే నేర్పుతున్నారు. మిగతావి ఆదివారాలు ఊరి బయట ఖాళీ స్థలంలో నా బండి మీద నేను చెబుతున్నాను. రాగానే తాళంచెవి చేతికివ్వను. ఒక ఇనుపరాడ్డు ఇచ్చి బండి చుట్టూ తిరిగి రమ్మంటాను. వెనక జంట టైర్లలో లోపలి టైరు సరిగా కంటికి ఆనదు. గాలి దిగిందో లేదో రాడ్డుతో కొడితే చెబుతుంది. గాలి నిండుగా ఉంటే ఖంగుమని మోగి రాడ్డును వెనక్కి తోస్తుంది, తగ్గితే చప్పగా పలుకుతుంది. నట్టు కింద నుంచి తుప్పు చార దిగి ఉంటే ఆ నట్టు వదులైందేమోనని అనుమానించాలి. ఎయిర్ ట్యాంకుల అడుగున వాల్వు లాగి నీళ్ళు వదిలేయాలి. ఇంజను స్టార్టు చేశాక గేజీలో గాలి ఎక్కేదాకా ఓపిక పట్టాలి. బజరు మోగుతున్నంతసేపు బండి కదలకూడదు. కారు నేర్చుకుని వచ్చిన కాలుకు ఇదంతా కొత్త. కారులో బ్రేకుకు నూనె పని చేస్తుంది, లారీలో గాలి పని చేస్తుంది. పెడలు తొక్కటానికీ చక్రం దగ్గర పట్టుకోవటానికీ మధ్య రవ్వంత జాగు ఉంటుంది. భయపడి మాటిమాటికీ తొక్కాడా, ట్యాంకులో గాలి కరిగిపోతుంది.

ఒక ఆదివారం వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, ఇంజను ఆపించి, తాళంచెవి నా జేబులో వేసుకుని కిందికి దిగాను. బంపరుకు రెండడుగుల దూరంలో, ఎడమ మూలన నిలబడి "కనిపిస్తున్నానా?" అని అరిచాను. తల కొస కనబడుతోందన్నాడు. అప్పుడు వాడి చెల్లెల్ని పిలిచాను. ఆరో తరగతి పిల్ల. సైకిలుతో సహా నా పక్కన నిలబెట్టాను. "ఇప్పుడు?" అన్నాను. "నువ్వొక్కడివే ఉన్నావు మావయ్యా" అన్నాడు. పిల్ల బెల్లు కొట్టింది. వాడు సీట్లోంచి లేచి, అద్దానికి ముఖం ఆనించి చూశాడు, ఎడమ కిటికీలోకి వంగి చూశాడు. చివరికి దిగివచ్చి పిల్ల నిలబడ్డ చోటును, తను కూర్చున్న చోటును మార్చి మార్చి చూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు ఇక బండి నడపలేదు. పిల్లని బంపరు చుట్టూ, ఎడమ తలుపు పక్కన, వెనక తొట్టి దగ్గర నిలబెట్టి, ఎక్కడెక్కడ కనబడదో సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాం. కొత్త బండ్లకు అద్దాలు పెరిగాయి, బంపరు పైన కూడా ఒక అద్దం ఉంటుంది. ఉన్నా, అద్దంలో వెతకాలని తెలిసిన కంటికే అందులో మనిషి కనబడతాడు.

మలుపు సంగతీ అంతే. డ్రైవరు కూర్చునేది ముందు చక్రాల మీద. ముందు చక్రం వెళ్ళిన దారిన వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే లారీ ఎడమకి తిరగాలంటే కాస్త ముందుకు వెళ్ళి, చోటు చేసుకుని తిరుగుతుంది. వెనక వచ్చే స్కూటరతనికి ఆ ఖాళీ దారిలా కనిపిస్తుంది, దూరతాడు. తప్పు అతనిదే అని కోర్టు తేల్చినా తేల్చకపోయినా, లోపలివైపు అద్దం చూడకుండా స్టీరింగు తిప్పిన డ్రైవరుకు మాత్రం జన్మంతా నిద్ర ఉండదు. అలాంటివాళ్ళను ఎరుగుదును.

ఇక రివర్సు. మా రోజుల్లో అది ఇద్దరి పని. వెనక క్లీనరు నిలబడి తొట్టి మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, ఎడమ కట్ చెయ్, ఇంకొంచెం, రానీ... హోల్డాన్!" అనేవాడు. అలా అరిచి అరిచే నేనూ నేర్చుకున్నాను. క్లీనరుగా చేరినవాడు మొదట బండి కడిగేవాడు, టైర్లు కొట్టేవాడు, పట్టా కప్పి మోకు బిగించేవాడు, రోడ్డు పక్కన స్టవ్వు వెలిగించి అన్నం వండేవాడు. బరువు ఒక పక్కకు ఒరిగేలా వేస్తే మలుపులో ఏమవుతుందో, మోకు వదులైతే ఏ చప్పుడొస్తుందో వాడికి స్టీరింగు ముట్టుకోకముందే తెలిసేది. ఆ పద్ధతిని నేను నెత్తిన పెట్టుకోను. తిట్లుండేవి, దెబ్బలుండేవి, జీతం ఇచ్చినప్పుడే జీతం. చదువుకోవాల్సిన పిల్లలు ఎందరో అందులో అరిగిపోయారు. అది పోవటమే న్యాయం. కిరాయిలు గిట్టుబాటు కాక ఇప్పుడు చాలా బండ్ల మీద డ్రైవరు ఒక్కడే వెళుతున్నాడు. కానీ క్లీనరుతో పాటు, లోడు పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి నేర్చుకునే చదువు కూడా పోయింది. దాని చోట మనం పెట్టింది ఆ 15 గంటలు.

లోడంటే ఏమిటో నాకు నంద్యాల నుంచి గిద్దలూరు వచ్చే నల్లమల ఘాటులో తెలిసింది. బేతంచెర్లలో నాపరాళ్ళు ఎత్తుకుని గాజులపల్లి దాటి అడవిలోకి ఎక్కేవాళ్ళం. దిగుడు మొదలయ్యే ముందు మా గురువు బండి పక్కకు తీసి ఆపేవాడు. దిగి ఒక చుట్టు తిరిగి వచ్చి, కింది గేరులో వేసుకుని అప్పుడు కదిలేవాడు. "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలిరా" అనేవాడు. బండిని ఇంజనే పట్టి ఉంచేది, ఆయన కాలు బ్రేకు మీదకి అప్పుడప్పుడూ మాత్రమే పోయేది. మా వెనక నుంచి హారన్లు కొట్టేవాళ్ళు, తిట్టుకుంటూ దాటిపోయేవాళ్ళు. దిగువమెట్ట వచ్చేదాకా ఆయన ముఖంలో తొందర అన్నది చూడలేదు.

ఎందుకలా అన్నది తర్వాతెప్పుడో బోధపడింది. బ్రేకు వేగాన్ని మింగెయ్యదు, వేడిగా మారుస్తుంది. పై గేరులో, లేదా డీజిలు కలిసొస్తుందని న్యూట్రలులో వదిలేసి, దిగుడంతా బ్రేకు తొక్కుతూ వచ్చాడనుకోండి. డ్రమ్ములు కాగిపోతాయి, లైనర్లు మాడిన వాసన క్యాబిన్లోకి వస్తుంది, ఆ తర్వాత పెడలు ఎంత తొక్కినా పట్టు ఉండదు. వేగం పెరిగిపోయాక కింది గేరు పడమన్నా పడదు. మర్నాడు పేపర్లో "బ్రేకులు ఫెయిలై లోయలో పడ్డ లారీ" అని వస్తుంది. చాలాసార్లు ఆ బ్రేకులు పొద్దున బయల్దేరినప్పుడు నిక్షేపంగా ఉన్నవే. తొమ్మిది పది టన్నుల ఖాళీ బండిని కాలు ఆపినంత తేలిగ్గా 28 టన్నుల బండిని కాలు ఆపలేదు. ఈ తేడా చెబితే తెలిసేది కాదు. సీటు కింద బరువు తోసుకొస్తున్నప్పుడు ఒంటికి తెలియాలి.

చిత్రమేమిటంటే మన నిబంధనలు రాసినవాళ్ళకు ఇది తెలుసు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చదవండి. పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపాలో వరసగా ఉంటుంది. దిగుడులో త్వరగా కింది గేర్లకు మారటం అందులో ఉంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించటం ఉంది. ఇరుకు చోటులోకి వెనక్కి పోనివ్వటం ఉంది. కానీ మన ట్రాకులు చదును నేలలు. ఎత్తు ఉన్నచోట కూడా అది చిన్న గట్టంతే, ఖాళీ బండికి అది లెక్కేనా? మరోవైపు 2018లో బండ్ల బరువు పరిమితులు పెంచారు. రెండిరుసుల బండికి 16.2 టన్నులు ఉన్నది 18.5 అయింది, పది టైర్ల బండికి 25 ఉన్నది 28.5 అయింది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లకు కారు లైసెన్సే చాలునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు వల్ల చిన్న బండ్ల మీద బతికే ఎందరికో ఊరట కలిగింది, నాకూ సంతోషమే. అయితే ఇక గట్టి పరీక్ష అంటూ మిగిలింది పెద్ద బండ్లకే. అక్కడైనా దాన్ని గట్టిగా పెట్టాలి కదా!

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో తెచ్చిన నిబంధనల్లో హెవీకి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు పెట్టారు. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో పెద్ద శిక్షణ సంస్థ ఉంది. ఇవి మంచి దారులు, జిల్లాకొకటి రావాలి. నేను కోరేది ఇంకొక్క మెట్టు. పరీక్షకు వచ్చే బండిలో ఇసుక బస్తాలైనా సరే, సగం లోడు ఉండాలి. శిక్షణ గంటల్లో కొన్ని లోడుతో, కొన్ని రాత్రిపూట, ఒక్కసారైనా ఘాటులో, పక్కన అనుభవం ఉన్న డ్రైవరు కూర్చుని నడిచినవై ఉండాలి. ఆ పక్కన కూర్చున్న మనిషికి ప్రభుత్వమే జీతం ఇవ్వాలి. కళ్ళు మందగించి లైను మీదకి వెళ్ళలేక టీకొట్టు దగ్గర కాలక్షేపం చేస్తున్న పాత డ్రైవర్లు ఆటోనగర్లో కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళకు తెలిసినది వాళ్ళతోనే పోతోంది. నాకు కోపం కన్నా బాధ ఎక్కువ కలిగేది అక్కడే.

వాడి పరీక్ష వచ్చే నెల. పాసవుతాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆ తర్వాత వెంటనే ఎవరి బండీ ఎక్కడు, నాతో బేతంచెర్ల వస్తాడు. లోడు రెండు టన్నులు తగ్గించి వేయిస్తాను, కిరాయి తగ్గితే తగ్గనీ. నంద్యాల దాకా వాడు నడుపుతాడు, ఘాటు నేను నడుపుతాను. వాడు పక్కసీట్లో కూర్చుని గాలి గేజీ చూస్తూ, ప్రతి మలుపు దగ్గరా బండి ఏ గేర్లో ఉందో, నా కాలు ఎక్కడుందో పైకి చెప్పాలి. అలా కొన్ని ట్రిప్పులు తిరిగాక ఒక పగటిపూట సీటు వాడికిస్తాను. గిద్దలూరు చేరాక ముందుగా చేయాల్సింది టీ తాగటం కాదు. దిగి, ఒక్కో చక్రం హబ్బు దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఏ చక్రం దగ్గరైనా సెగ చేతికి ఓర్చుకోలేనంత తగిలితే ఆ పూట అక్కడే ఆగుతాం, సరుకు ఒక రోజు ఆలస్యంగా దిగినా సరే.