రెండు పాటలు

2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు రాక్ బృందం బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడింది. ఆ ఒక్క రాత్రితో ఆ నగరపు సంగీతం దారి మారిందని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పేరున్న బృందమేదీ మా నెల్లూరు తీరానికి రాలేదు. అయినా ఒక బృందం వచ్చి, పాడి, వెళ్ళిపోయాక జనం మునుపటిలా ఉండకపోవడం నేను చూశాను. వాళ్ళ దగ్గర గిటార్లు లేవు. ఒక డప్పు, ఒక కంజీర, కాళ్ళకి గజ్జెలు, అంతే. వాళ్ళని కళాజాతా అనేవాళ్ళు.

కళాజాతా మన దగ్గర పుట్టింది కాదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో సైన్సుని పాటగా, వీధి నాటకంగా మార్చి ఊరూరా తిప్పడం మొదలుపెట్టింది. 1990 అక్టోబరు, నవంబరు నెలల్లో భారత జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదిక ఆ పని అందుకుంది. ఆ తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు జాతాలు మెట్ట ఊళ్ళతో పాటు సముద్రపు ఒడ్డు పాలేలకూ వచ్చాయి. డిగ్రీ చదువుతున్న నేను మైపాడు వైపు ఒక పట్టపుపాలెంలో వాలంటీరుగా చేరాను.

అప్పటిదాకా ఆ పాలెంలో వినోదమంటే ఏమిటి? ఏడాదికోసారి తిరునాళ్ళు, ఆ రాత్రి రికార్డింగ్ డాన్సు. దానికి డబ్బెక్కడిది? ఊళ్ళో సారా అమ్ముకునే హక్కుని పెద్దకాపులు వేలం వేసేవాళ్ళు. ఎవరు ఎక్కువకి పాడుకుంటే కొట్టు వాళ్ళది, ఆ సొమ్ము గుడికీ తిరునాళ్ళకీ. అంటే పగలంతా చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగిన ఆడదాని సంపాదన సారా కొట్టులోకి పోయి, అక్కడి నుంచి మగవాళ్ళ ఆటపాటగా తిరిగొచ్చేది. ఆమె మాత్రం ఆ ఆట చూడకూడదు. చీకటి పడ్డాక పందిరి దగ్గర ఆడవాళ్ళు కనపడితే తప్పు.

జాతా వచ్చిన రోజు ఆ కట్టు తెగింది. ఇది సర్కారు వాళ్ళ చదువు కార్యక్రమం కదా, ఎవరూ వద్దనలేకపోయారు. ఆడవాళ్ళొచ్చి ముందు వరసలో ఇసకలో కూర్చున్నారు. పాటల్లో మాటలు కొత్తవి. బాణీలు మాత్రం వాళ్ళవే. దంపుళ్ళప్పుడు, నాట్లప్పుడు, జోల పాడేటప్పుడు తరాలుగా ఆడవాళ్ళ నోట నలిగిన బాణీలు. వాటికి చదువు గురించీ కూలి గురించీ మాటలు కట్టి తెచ్చారు. పాడినవాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలు. ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "అది మా యమ్మ పాడే రాగం పాపా, వీళ్ళకెట్టా వచ్చిందీ?" అంది.

మర్నాటి నుంచి రాత్రిబడికి జనం పెరిగారు. పలకకంటే ముందు పాట అడిగేవాళ్ళు. వారం తిరక్కుండానే మాటలు మారిపోయాయి. ఊరు పేరు చేరింది, సారా కొట్టు యజమాని చేరాడు, మొగుళ్ళు చేరారు. చదువు పుస్తకంలో సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఒక పాఠం. అక్షరాలు కూడబలుక్కునే లోపే దాన్ని పాట కట్టేశారు.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆ కథ "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై మళ్ళీ రాత్రిబళ్ళకే చేరింది. మన భాషలో వేలాన్ని కూడా పాటే అంటాం. నెల్లూరులో జరగాల్సిన సారా పాటలని ఆడవాళ్ళు అడ్డుకుంటే అవి వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. వాళ్ళ పాట ముందు ఆ పాట సాగలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత.

ఇదంతా జాతా వల్లనేనా? అక్షరాస్యత వల్లనేనని అధికారులన్నారు, మా వల్లనని పార్టీలన్నాయి. ఉద్యమంలోని స్త్రీలని ఒక్కొక్కరు తమకి అనువైన బొమ్మగా ఎలా మలుచుకున్నారో సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లోనే రాశారు. నేను చూసినంతలో జాతా ఆ ఆడవాళ్ళకి కోపాన్ని ఇవ్వలేదు. కోపం వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచో ఉంది. పాటా వాళ్ళదే. రాత్రిపూట, నలుగురిలో, గొంతెత్తి పాడే చోటు ఒక్కటే లేదు. జాతా ఇచ్చింది ఆ చోటు. అది చిన్న సంగతి కాదు. కానీ చోటు ఇచ్చినవాళ్ళే పాటకి కర్తలైపోవడం నాకు మింగుడు పడదు.

రాక్ బృందం వచ్చి వెళితే పాటల వరసతో సహా అన్నీ నమోదవుతాయి. ఇక్కడ కరపత్రాల్లో అచ్చయిన పాటల కింద రచయితల పేర్లుండేవి. రాత్రిబడిలో వాటిని తిరగగట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. జానపదమని ఒక్క మాట రాస్తే మనకి సరిపోతుంది. జానపదం అనే మాట వెనక ఎంతమంది కర్తలు మాయమయ్యారో!

తర్వాత సారా పోయి సీసాలొచ్చాయి, బెల్టు షాపులొచ్చాయి. ఓడిపోయామా అని నేనడిగితే, ఆనాడు రాత్రిబడికొచ్చిన ఒకామె నవ్వింది. "తాగేది ఆగలా. కానీ మా కోడళ్ళు తిరునాళ్ళలో ముందర కూసుంటారు, ఎవురేమంటారు?" అంది. ఆమె కట్టిన పాట మూడు చరణాలూ ఆమెకింకా నోటికొచ్చు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల సాహిత్యం మీద పరిశోధన చేసే అమ్మాయిలు పుస్తకాలతో పాటు ఒక రికార్డరు పట్టుకుని ఈ పాలేలకి రావాలి. పాటతో పాటు పేరు కూడా రాసుకోవాలి.