బందూక్ కొన్నాం, తర్వాత ఏం కొనాలి?

పోయినేడు రంజాన్ ఈద్ అయిన పదిహేను రోజులకి మా ఇంట్లోకి ఒక బందూక్ వచ్చింది. భయపడకండి, అది పది మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్. సిలిండర్‌లోని గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్‌ని కొడుతుంది. అంతకు మించని బోరు, 20 జౌల్స్ దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అయినా పెట్టె చూడగానే మా సాస్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లాహ్! ఆడపిల్ల ఉన్న ఇంట్లో బందూకా?"

"ఆడపిల్ల కోసమే అమ్మాజాన్" అన్నారు మా ఆయన.

మా పెద్దమ్మాయి తొమ్మిదో క్లాసు. స్కూల్ వాళ్ళు ఒకసారి షూటింగ్ రేంజికి తీసుకెళ్తే, అక్కడే దాని మనసు చిక్కుకుపోయింది. ఏడాది పాటు రేంజి వాళ్ళ రైఫిల్‌తోనే నేర్చుకుంది. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పది మీటర్ల రైఫిల్‌లోనే కాంస్యం తెచ్చాడని, మన హైదరాబాద్ అమ్మాయే ఈషా సింగ్ పిస్టల్‌తో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు కొట్టిందని దానికి అన్నీ జబానీ. పేపర్లో వచ్చిన ఫోటోలు అల్మారా తలుపుకి అంటించుకుంది. అంత షౌక్ చూశాక కాదనలేకపోయాం. చిట్టీ ఎత్తాం, నా గాజులు రెండు అమ్మాం. ఒక సీనియర్ అమ్మాయి వాడిన రైఫిల్ కొన్నాం. అన్నీ పోను చేతిలో ఇరవై రెండు వేలు మిగిలాయి.

ఆ ఇరవై రెండు వేలతో ముందు ఏం కొనాలి? ఇవాళ్టి ముచ్చట అదే. ఎందుకంటే మేం గలత్ కొన్నాం. మీ పిల్లలు కూడా ఈ దారిలో ఉంటే, మా నష్టం మీకు ఫాయిదా కానీ.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ మష్వరాలు ఇచ్చారు. మా మరిది దుర్బీను బిగించమన్నాడు. ఆడపడుచు కొడుకు ఫోన్‌లో చూపించి ముందు పెట్టే రెండు కాళ్ళ స్టాండు, భుజానికి తగిలించే బెల్టు కొనమన్నాడు. కోచ్ సార్ విని నవ్వారు. "ఇది నిలబడి కాల్చే ఆట అమ్మా. దుర్బీను, స్టాండు, బెల్టు ఒక్కటీ ఒప్పుకోరు. ఇవన్నీ సినిమా సామాన్లు" అన్నారు. ఆయనే రైఫిల్ తిప్పి సిలిండర్ మీద చెక్కిన తేదీ చూశారు. తయారైన పదేళ్ళ తర్వాత ఆ సిలిండర్ పోటీలకు పనికిరాదట. మాది ఇంకా ఆరేళ్ళు నడుస్తుంది, అల్ హమ్దులిల్లాహ్. పాతది కొనేవాళ్ళు అన్నిటికంటే ముందు ఆ తేదీ చూడండి.

అంత చెప్పిన ఆయన్నే తర్వాతి మాట కూడా అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. రేంజిలో మిగతా పిల్లల రైఫిళ్ళ వెనక ఒక మెరిసే చక్రం ఉంటుంది, ఐరిస్ అంటారు. కన్ను పెట్టి చూసే రంధ్రాన్ని వెలుతురుని బట్టి పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు. "అందరి పిల్లలకీ ఉంది, మన బిడ్డకి లేకపోతే ఎలా" అన్నారు మా ఆయన. నాకూ అదే అనిపించింది, అబద్ధం ఎందుకు. ఐరిస్‌కి పద్నాలుగు వేలు. చక్రాలున్న గట్టి పెట్టెకి ఆరు వేలు. ఫోటో తీసి ఖాందాన్ గ్రూపులో పెడితే మాషా అల్లాహ్‌లే మాషా అల్లాహ్‌లు.

రెండు నెలలు గడిచాయి. ఒక రోజు మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా సాస్ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"దుల్హన్, పిల్లను చూశావా? సజ్దా నుంచి నడుం పట్టుకుని లేస్తోంది. నేను లేచినట్టు లేస్తోంది."

ఆ రాత్రి దాని నడుముకి నూనె రాస్తూ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దిండులో మొహం పెట్టుకుని అంది: "మీ గాజులు పోయాయి కదా అమ్మీ. ఇంకా ఏమని అడగను?"

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేం బిడ్డకి బందూక్ కొనిచ్చామనుకున్నాం. దాంతోపాటు నోరు విప్పలేని బోజా కూడా పెట్టామని తెలీలేదు.

డాక్టర్ మూడు వారాలు రైఫిల్ ముట్టుకోవద్దన్నారు. కోచ్ సార్ దగ్గరికి వెళ్తే ఆయనా బాధపడ్డారు. అడిగినప్పుడల్లా నొప్పి లేదనే చెప్పిందట. అప్పుడు ఆయన విడమరిచి చెప్పారు. రైఫిల్ ఐదు కిలోల దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకునేది చేతి బలం కాదు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనించి, ఒళ్ళు కాస్త వెనక్కి వంచి, ఆ బరువుని ఎముకల మీదుగా పాదాలకి దించాలి. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు. అంతసేపు ఆ వంపుని కాసేది గట్టి కాన్వాస్ జాకెట్, కదలకుండా నిలబెట్టేది సమతలం అడుగున్న బూట్లు. మా పిల్ల స్కూల్ బూట్లతో నిలబడింది. రేంజిలో ఉన్న ఉమ్మడి జాకెట్ పెద్దవాళ్ళది. సంచిలా వేలాడుతోందని అది వేసుకోవడమే మానేసింది. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. నడుం వణుకుతుంటే పద్నాలుగు వేల ఐరిస్ ఏం చేస్తుంది?

ఐరిస్‌ని తొమ్మిది వేలకి అమ్మేశాం. ఐదు వేలు దిఖావాకి జుర్మానా అనుకున్నాం. ఎదిగిపోయిన ఒక అబ్బాయి జాకెట్ సగం ధరకి దొరికింది. నేను ఇంట్లో కుట్టు పని చేస్తాను, లోపల ఒక పొర వేద్దామనుకున్నాను. సార్ వద్దన్నారు. ఒక్క పొర మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదట, పోటీకి ముందు పరికరంతో కొలుస్తారట. అందుకని బొత్తాలు మాత్రం జరిపాను. తోలూ కాన్వాసూ కలిసిన ఆ గుడ్డలోంచి సూది దించడానికి రెండు రాత్రులు పట్టింది. బూట్లు మాత్రం కొత్తవే కొన్నాం. ఎదుటివాళ్ళ పాదానికి అరిగిన బూటు మన పిల్ల పాదానికి కుదరదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నా హిసాబు ఇది. మొదట తాళం, సేఫ్టీ ఫ్లాగ్. ఈ ఫ్లాగ్ అంటే గొట్టం పొడవునా దూర్చే మెరుపు రంగు తాడు. అది రెండు వైపులా కనిపిస్తే లోపల పెల్లెట్ లేనట్టే. ఖరీదు చాలా తక్కువ, కానీ మా చిన్నోడికి ఎనిమిదేళ్ళు, వాడికి అన్నీ ఆటబొమ్మలే. రెండు, పెల్లెట్లు. డబ్బాకి ఐదొందలు, రోజుకి అరవై కొడితే ఎనిమిది రోజుల ముచ్చట. అందుకే మా పిల్ల ఇంట్లో పెల్లెట్ లేకుండా గోడ మీద చుక్కకి గురి చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం సాధన చేస్తుంది. మూడు, జాకెట్, బూట్లు. నాలుగు, ఎడమ చేతికి గ్లవ్. ఐదు, ట్రౌజర్. నోట్‌బుక్ ఒకటి మొదటి రోజు నుంచే ఉండాలి. ఐరిస్, గట్టి పెట్టె లాంటివి ఆఖరున, కోచ్ చెప్పినప్పుడు.

స్కార్ఫ్ సంగతి కూడా చాలామంది అమ్మలు అడుగుతున్నారు. ఇరాన్ అమ్మాయిలు ఒలింపిక్స్‌లో తల కప్పుకునే రైఫిల్ కాల్చారు, ఫికర్ అక్కర్లేదు. సాటిన్ మాత్రం వద్దు, చెంప ఆనించే చోట జారిపోతుంది. నేను మెత్తటి కాటన్ అల్లిక గుడ్డతో తలకి అతుక్కుని ఉండేలా కుట్టిచ్చాను.

నోట్‌బుక్‌లో స్కోరు పక్కన ఇంకో గడి గీయించాను. "ఇవాళ ఎక్కడ నొప్పి?" రోజూ నింపాలి. అందులో రాసిన దానికి ఇంట్లో ఎవరూ డబ్బు లెక్క ఎత్తకూడదని వాళ్ళ అబ్బా మాటిచ్చారు. మొదటి వారం అన్నీ సున్నాలే రాసింది. రెండో వారంలో "ఎడమ భుజం, కొంచెం" అని రాసింది. ఆ రోజు నాకు పతకం వచ్చినంత ఖుషీ అయింది.

రైఫిల్ తాళం చెవి ఇప్పుడు మా సాస్ దగ్గరే, దుపట్టా కొంగున ముడేసి ఉంటుంది. ఫజర్ నమాజ్‌లో పిల్ల సజ్దా నుంచి ఎలా లేస్తుందో జానమాజ్ మీద కూర్చుని కళ్ళు చికిలించి చూస్తుంది. బాగా లేచిందనిపిస్తేనే ముడి విప్పుతుంది.